ఆరోగ్య సేవల వెబ్‌సైటులో మీ జాడ ఎవరి చేతికి చిక్కకుండా: కుకీలపై సమగ్ర మార్గదర్శి

ప్రభుత్వ ఆరోగ్య సేవల వెబ్‌సైటు తెరిచినప్పుడు మీ పేరు ఎవరూ అడగకపోవచ్చు. అయినా మీరు తెరిచిన పేజీయే మీ గురించి చాలా చెబుతుంది. క్షయ మందులు ఎక్కడ ఇస్తారు, హెచ్‌ఐవీ పరీక్ష ఎక్కడ చేస్తారు, మద్యం మాన్పించే కేంద్రం ఏ ఆసుపత్రిలో ఉంది, గర్భస్రావానికి చట్టం ఎన్ని వారాల వరకు ఒప్పుకుంటుంది? ఇలాంటి పేజీలు చూసిన మనిషి పరిస్థితి ఊహించడానికి పేరుతో పని లేదు. చీరల సైటు చూడటానికీ ఆరోగ్య సైటు చూడటానికీ తేడా ఇక్కడే ఉంది. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఒక అమ్మాయికి క్షయ వచ్చి, నెలల తరబడి మందులు వాడి పూర్తిగా నయమైందనుకోండి. ఆ సంగతి బయటికి పొక్కితే ఏమవుతుందో విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఎవరికీ వివరించనక్కర్లేదు.

అలాగని భయపడి ఆ పేజీలు చూడటం మానుకోకూడదు. సరైన సమాచారం అందకపోతే నష్టపోయేది రోగే. నిశ్చింతగా చూడగలగాలి, చూశాక జాడ మిగలకూడదు. అందుకోసమే ఈ మార్గదర్శి.

మీ జాడ మూడు చోట్ల మిగులుతుంది: మీరు వాడిన ఫోనులోనో కంప్యూటర్‌లోనో, ఆ వెబ్‌సైటు సర్వర్‌లో (అంటే దాన్ని నడిపే కంప్యూటర్‌లో), ఆ సైటులో తమ ముక్కలు అతికించుకున్న బయటి సంస్థల దగ్గర. చాలామంది ఈ మూడింటినీ కలిపేసి, కనిపించిన కుకీలన్నీ చెరిపేసి, పని అయిపోయిందనుకుంటారు. మన ఊళ్లలో ఎక్కువ ప్రమాదం మొదటి చోట ఉంది. మూడోచోట ఉన్న ప్రమాదం కంటికి కనిపించదు. మధ్యలో ఉన్న సర్వర్ మాత్రం మీకు సేవ అందించాలంటే కొంత తెలుసుకోక తప్పదు.

ముందుగా, కుకీ చేసే పని

వెబ్ సర్వర్‌కు స్వతహాగా జ్ఞాపకం ఉండదు. ఒక పేజీ అడిగితే ఇస్తుంది. మరుక్షణం ఇంకో పేజీ అడిగితే, ఇందాక అడిగిన మనిషీ మీరేనని దానికి తెలియదు. ఈ ఇబ్బంది తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్ సంస్థ ఇంజనీరు లూ మాంటుల్లీ కుకీని తయారుచేశారు. ఓపీ కౌంటర్‌లో చేతికిచ్చే టోకెన్ లాంటిదది. టోకెన్ మీద మీ జబ్బు రాసి ఉండదు, అంకె మాత్రమే ఉంటుంది. ఆ అంకె చూసి లోపల మీ కాగితాలు తీస్తారు. కుకీలో కూడా సాధారణంగా ఒక పొడవాటి అక్షరాల, అంకెల వరుస ఉంటుంది. బ్రౌజర్ దాన్ని దాచుకుని, ఆ సైటును ఏది అడిగినా దాంతోపాటు తిరిగి పంపుతుంది. కుకీ వైరస్ కాదు. మీ ఫొటోలు చదవలేదు, మెసేజీలు తెరవలేదు.

కొన్ని కుకీలు బ్రౌజర్ మూసేదాకే ఉంటాయి. మరికొన్ని నెలల తరబడి ఉంటాయి. క్రోమ్ ఏ కుకీనైనా 400 రోజులకు మించి ఉండనివ్వదు. ఇంతకంటే ముఖ్యమైనది, ఆ కుకీని పెట్టింది ఎవరన్నది. మీరు తెరిచిన సైటే పెడితే అది సొంత కుకీ. ఆ పేజీలోని వీడియో, మ్యాప్, సోషల్ మీడియా పెట్టె, ప్రకటన పెడితే అది బయటివారి కుకీ, అంటే థర్డ్ పార్టీ కుకీ.

బయటివారి కుకీ ఎలా పనిచేస్తుందో కాస్త నిదానంగా చూద్దాం. ఒక ఆరోగ్య పేజీలో ఏదో సంస్థ వీడియో అతికించారనుకుందాం. పేజీ తెరవగానే మీ బ్రౌజర్ ఆ సంస్థ సర్వర్‌ను కూడా సంప్రదిస్తుంది. ఆ సంస్థ కుకీ అప్పటికే మీ ఫోనులో ఉండి, బ్రౌజర్ అడ్డుకోకపోతే, అది కూడా వెళ్తుంది. అదే సంస్థ ముక్కలు వార్తల సైటులో ఉంటాయి, షాపింగ్ సైటులో ఉంటాయి. పొద్దున వార్తలు చదివిన మనిషి, మధ్యాహ్నం సంతాన సాఫల్యం గురించి చదివిన మనిషి, రాత్రి చీర కొన్న మనిషి ఒకరేనని ఆ సంస్థకు తెలిసిపోతుంది. మర్నాడు ఇంట్లో అందరూ వాడే ఫోనులో సంతాన సాఫల్య కేంద్రాల ప్రకటనలు వరుసకట్టి కనిపిస్తాయి. అత్తగారి కంట పడటానికి అంతకన్నా ఏం కావాలి?

ఇది ఊహ కాదు. 2022 జూన్‌లో ‘ది మార్కప్’ అనే అమెరికా వార్తా సంస్థ, ఆ దేశంలో పేరున్న 100 ఆసుపత్రుల వెబ్‌సైట్లను పరిశీలించింది. వాటిలో 33 సైట్లలో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటాకు చెందిన ‘పిక్సెల్’ అనే కోడు కనిపించింది. డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం బటన్ నొక్కితే ఆ సంగతి ఫేస్‌బుక్‌కు చేరేది. 2023లో బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవకు చెందిన 20 ట్రస్టుల సైట్లలోనూ ఇదే బయటపడింది. అదే ఏడాది ఫిబ్రవరిలో, మందుల ధరలు చూపించే గుడ్‌ఆర్‌ఎక్స్ అనే అమెరికా సంస్థ తన వాడకందారుల ఆరోగ్య సమాచారాన్ని ప్రకటనల సంస్థలకు చేరవేసిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. ఆ సంస్థ 15 లక్షల డాలర్ల జరిమానాకు అంగీకరించింది. వాటిలో చాలాచోట్ల ఆ కోడును దురుద్దేశంతో పెట్టలేదు. ఎంతమంది చూస్తున్నారో లెక్క తెలుస్తుందని పెట్టి వదిలేశారు.

మొదటి అడుగు: ఏ యంత్రంలో చూస్తున్నారో తేల్చుకోండి

మీ ఒక్కరిదే అయిన ఫోను, ఇంట్లో అందరూ వాడే ఫోను, నెట్ సెంటర్ కంప్యూటర్. ఈ మూడింటికీ జాగ్రత్తలు వేరువేరు.

సొంత ఫోనైతే తెర తాళం పెట్టుకోండి, తర్వాతి అడుగుకు వెళ్లండి.

నలుగురు వాడే ఫోనైతే ఆరోగ్యానికి సంబంధించిన పేజీలన్నీ ఇన్‌కాగ్నిటో ట్యాబ్‌లో చూడండి. క్రోమ్‌లో కుడివైపు పైన ఉన్న మూడు చుక్కలు నొక్కితే అది కనిపిస్తుంది. ఆ ట్యాబులన్నీ మూయగానే చూసిన పేజీల జాబితా, కుకీలు పోతాయి. అయితే దింపుకున్న ఫైళ్లు అలాగే ఉంటాయి. మీరు చూస్తున్న సైటుకూ, మీ ఇంటర్నెట్ సంస్థకూ మీరు కనిపిస్తూనే ఉంటారు. దీనికంటే తేలికైన మార్గం ఒకటుంది: ఫైర్‌ఫాక్స్ ఫోకస్ అనే యాప్. బయటి సంస్థల నిఘా కోడును అది తనంతట తానే అడ్డుకుంటుంది. చూడటం అయ్యాక చెత్తబుట్ట బొమ్మ నొక్కితే అంతా చెరిగిపోతుంది. సెట్టింగుల జోలికి వెళ్లడానికి జంకే పెద్దవాళ్ల ఫోనుల్లో నేను ముందుగా వేయించేది దీన్నే.

ఇక నెట్ సెంటర్. గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల వీధుల్లో, విజయవాడ ప్రభుత్వాసుపత్రి చుట్టుపక్కల, బ్రాడీపేటలో, గవర్నర్‌పేటలో జిరాక్స్, ప్రింటు, ఆన్‌లైన్ పనులు చేసే దుకాణాలు మన ఆరోగ్య సేవల్లో భాగమైపోయాయి. ఆభా కార్డు (డిజిటల్ ఆరోగ్య గుర్తింపు) తీయాలన్నా, ఎన్టీఆర్ వైద్య సేవ వివరాలు చూడాలన్నా, రిపోర్టు ప్రింటు తీయాలన్నా పల్లెల నుంచి వచ్చినవారు అక్కడికే వెళ్తారు. ఆ కుర్రాళ్లలో చాలామంది ఓపికగా సాయం చేస్తారు. వారి మంచితనం మీద నాకు అనుమానం లేదు. కానీ ఆ కంప్యూటర్‌లో మీ తర్వాత కూర్చునేవారు ఎవరో వారికీ తెలియదు.

అక్కడ చేయవలసినవి:

- కూర్చోగానే ఇన్‌కాగ్నిటో కిటికీ తెరవమనండి. క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మీటలు కలిపి నొక్కితే చాలు.
- పాస్‌వర్డ్ గుర్తుంచుకోమంటారా అని బ్రౌజర్ అడిగితే వద్దనండి.
- ఓటీపీ మీ ఫోనుకే రావాలి, మీరే టైపు చేయాలి. ఆభాకు మొబైల్ నంబరు జోడించేటప్పుడు తొందరలో దుకాణదారు నంబరు ఇవ్వకండి. 14 అంకెల ఆ గుర్తింపుకు ఏ నంబరు జోడిస్తే, ఓటీపీలు దానికే వెళ్తాయి.
- రిపోర్టు ప్రింటు కోసం దుకాణం వాట్సాప్ నంబరుకు పంపడం మన దగ్గర పరిపాటి. ఇదే అన్నింటికన్నా పెద్ద కన్నం. కుకీలు చెరిపి, రిపోర్టును అపరిచితుడి ఫోనులో శాశ్వతంగా వదిలేస్తే చేసిన జాగ్రత్తంతా వృథా. వీలైతే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. పంపక తప్పకపోతే, ప్రింటు అయ్యాక వాట్సాప్‌లో ‘అందరికీ తొలగించు’ ఎంచుకోండి. “బాబూ, కంప్యూటర్‌లో పడిన ఫైలు కూడా తీసేయి నాయనా, చెత్తబుట్టలోంచి కూడా” అని అడిగి, తీసేదాకా నిలబడండి. ఇలా అడగడం మర్యాద తప్పడం కాదు.
- దుకాణం కంప్యూటర్‌లో మీ వాట్సాప్ తెరిచి ఉంటే, మీ ఫోనులో ‘లింక్డ్ డివైసెస్’ చూసి దాన్ని తొలగించండి.

రెండో అడుగు: చిరునామా చూడండి

ఆసుపత్రి పేరు గూగుల్‌లో కొడితే మొదట కనిపించేది ప్రకటన కావచ్చు. ప్రభుత్వ సైట్ల చిరునామా సాధారణంగా ‘గవ్ డాట్ ఇన్’ లేదా ‘ఎన్‌ఐసీ డాట్ ఇన్’తో ముగుస్తుంది, వైద్య విద్యాసంస్థలవి ‘ఏసీ డాట్ ఇన్’, ‘ఈడీయూ డాట్ ఇన్’తో ముగియవచ్చు. ముగింపే చూడాలి. మధ్యలో ‘గవ్’ అని కనిపించి చివర ‘డాట్ కామ్’ ఉంటే వెనక్కి వచ్చేయండి.

చిరునామా మొదట్లో ‘హెచ్‌టీటీపీఎస్’ ఉండాలి. అది ఉంటే మీరు ఏ సైటు తెరిచారన్నది ఇంటర్నెట్ సంస్థకు తెలిసినా, అందులో ఏ పేజీ చదివారన్నది తెలియదు. పాత పుస్తకాలు చెప్పే తాళం గుర్తు కోసం వెతకకండి. క్రోమ్ 2023లో దాన్ని తీసేసి, రెండు చిన్న గీతలు, చుక్కలు ఉన్న బొమ్మ పెట్టింది. పైగా తాళం ఉన్నంత మాత్రాన సైటు అసలైనదని అర్థం కాదు. దొంగ సైటుకూ తాళం ఉంటుంది.

ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో వచ్చిన లింకును అక్కడికక్కడే తెరవకండి. ఆ యాప్ తన సొంత కిటికీలోనే పేజీ తెరుస్తుంది, మీరేం చూస్తున్నారో గమనించే వీలు దానికి ఉంటుంది. లింకును కాపీ చేసుకుని బ్రౌజర్‌లో తెరవండి.

మూడో అడుగు: కుకీల పట్టీ వచ్చినప్పుడు ఏది నొక్కాలి

కుకీలకు ఒప్పుకుంటారా అని అడుగుతూ పేజీ అడుగున ఒక పట్టీ వస్తుంది. అన్నీ అంగీకరించమనే బటన్ పెద్దగా, రంగులో ఉంటుంది. తిరస్కరించేది చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా మరో పేజీ వెనక దాగి ఉంటుంది. ఓపికగా దాన్నే వెతకండి.

‘తప్పనిసరి’ అని రాసి ఉన్నవాటిని ఉంచండి. లాగిన్ నిలబడటానికి, ఫారం మధ్యలో పోకుండా ఉండటానికి, మీరు తెలుగు ఎంచుకున్నారని గుర్తుంచుకోవడానికి ఇవి పనికొస్తాయి. వీటిని కూడా చెరిపితే ఓటీపీ కొట్టిన ప్రతిసారీ మొదటికి వస్తారు. ‘ప్రకటనలు’, ‘మార్కెటింగ్’, ‘సోషల్ మీడియా’ అన్నవాటిని తిరస్కరించండి. ప్రజాధనంతో నడిచే ఆరోగ్య సైటులో ఇవి ఉండటమే తప్పు. ‘విశ్లేషణ’ లేదా ‘అనలిటిక్స్’ అన్నది మధ్యరకం. ఏ పేజీకి ఎంతమంది వస్తున్నారో తెలిస్తే సైటు మెరుగుపడుతుంది, నిజమే. కానీ ఆ లెక్క ఆసుపత్రి సొంత సర్వర్‌లో జరగడం వేరు, ప్రకటనల వ్యాపారమున్న సంస్థ సర్వర్‌లో జరగడం వేరు. సైటు ఆ తేడా స్పష్టంగా చెప్పకపోతే తిరస్కరించండి.

పట్టీయే రాలేదా? మన దేశంలో చాలా ప్రభుత్వ సైట్లకు అది ఉండదు. పట్టీ లేనంత మాత్రాన కుకీలు లేవని కాదు. అందుకే తర్వాతి రెండు అడుగులు.

నాలుగో అడుగు: బ్రౌజర్‌ను ఒకసారి సరిచేసి పెట్టుకోండి

ఐఫోనులో సఫారీ 2020 నుంచి బయటివారి కుకీలను పూర్తిగా అడ్డుకుంటోంది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ప్రతి సైటు కుకీలనూ వేరువేరు డబ్బాల్లో ఉంచి, ఒకదాని సంగతి మరొకదానికి తెలియకుండా చూస్తోంది. క్రోమ్‌లో మామూలు ట్యాబులకు ఈ పని మీరే చేసుకోవాలి. థర్డ్ పార్టీ కుకీలను తొలగిస్తామని ఏళ్ల తరబడి చెప్పిన గూగుల్ ఆ ఆలోచన మానుకుంది. మూడు చుక్కలు, సెట్టింగులు, గోప్యత, భద్రతల విభాగం, అందులో థర్డ్ పార్టీ కుకీలు. అక్కడ ‘బ్లాక్’ ఎంచుకోండి.

ఇక్కడొక మెలిక ఉంది. సందర్శకులను లెక్కగట్టే గూగుల్ సాధనం గూగుల్ అనలిటిక్స్ పెట్టే కుకీ బయటివారి కుకీగా లెక్కలోకి రాదు. అది ఆరోగ్య సైటు సొంత చిరునామా కిందే కూర్చుంటుంది, సమాచారం మాత్రం గూగుల్‌కు వెళ్తుంది. కాబట్టి బయటివారి కుకీలను అడ్డుకున్నా అది ఆగదు. ఆపాలంటే నిఘా కోడునే అడ్డుకునే బ్రౌజర్ కావాలి. ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్ వేసుకుని, దానికి యూబ్లాక్ ఆరిజిన్ అనే పొడిగింపు (ఎక్స్‌టెన్షన్) చేర్చుకోవడం నాకు తెలిసిన మంచి మార్గం. రెండూ ఉచితమే.

ఇలా కోడునే ఆపాలని నేను పట్టుబట్టడానికి కారణముంది. 2025 జూన్‌లో యూరప్ పరిశోధకులు ఒక విషయం బయటపెట్టారు. వెబ్ పేజీల్లోని మెటా పిక్సెల్, అదే ఆండ్రాయిడ్ ఫోనులో ఉన్న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లతో లోలోపలే మాట్లాడుకుంటోంది. కుకీలు చెరిపినా, ఇన్‌కాగ్నిటోలో చూసినా, మనిషి ఎవరో తెలుసుకునే వీలు దానికి ఉండేది. బయటపడ్డాక మెటా ఆ పద్ధతి ఆపేసింది. ఆ కోడు పేజీలో అసలు నడవకపోతే ఇలాంటి దొడ్డిదారులకు తావే ఉండదు.

ఐదో అడుగు: సైటు ఏమేమి దాచిందో మీరే చూడండి

దీనికి కంప్యూటర్ ఉంటే మంచిది. చదువుకునే పిల్లలు ఇంట్లో ఉంటే వారికి అప్పగించండి, ఇష్టంగా చేస్తారు.

క్రోమ్‌లో ఆరోగ్య సైటు తెరిచి ఎఫ్12 మీట నొక్కండి. పక్కన తెరుచుకున్న పలకలో ‘అప్లికేషన్’ అన్నది ఎంచుకోండి. ఎడమవైపు జాబితాలో ‘కుకీస్’ విప్పితే ఆ సైటు పెట్టినవన్నీ పట్టికగా కనిపిస్తాయి. ఫైర్‌ఫాక్స్‌లో ఇదే ‘స్టోరేజ్’ కింద ఉంటుంది.

పట్టికలో మూడు చూడండి. మొదటిది పేరు. ‘సెషన్’ అని అర్థమయ్యే పేరుంటే అది లాగిన్ నిలబెట్టేది, మంచిదే. అడుగున గీత పెట్టి ‘జీఏ’ అక్షరాలతో మొదలైతే గూగుల్ అనలిటిక్స్. అలాగే గీత పెట్టి ‘ఎఫ్‌బీపీ’ అని ఉంటే మెటా పిక్సెల్. ఆరోగ్య సైటులో ఇది కనిపిస్తే తెరను ఫొటో తీసి పెట్టుకోండి, చివరి అడుగులో పనికొస్తుంది. రెండోది గడువు. అక్కడ ‘సెషన్’ అని ఉంటే బ్రౌజర్ మూసేదాకే. తేదీ ఉంటే ఆ రోజు వరకు. ఆసుపత్రి వేళలు చూపించే పేజీకి ఏడాది గడువున్న కుకీ ఎందుకు? మూడోది భద్రత. లాగిన్ కుకీ వరుసలో ‘సెక్యూర్’, ‘హెచ్‌టీటీపీఓన్లీ’ గడుల్లో టిక్కు ఉండాలి. మొదటిది ఆ కుకీని రహస్య లిపిలో తప్ప వెళ్లనివ్వదు. రెండోది పేజీలోని కోడు దాన్ని చదవకుండా చూస్తుంది. ఆ టిక్కులు లేకపోతే సైటు తయారుచేసినవారు శ్రద్ధ పెట్టలేదని అర్థం.

అదే పలకలో ‘నెట్‌వర్క్’ ఎంచుకుని పేజీని మళ్లీ తెరిస్తే, మీ బ్రౌజర్ ఏయే సర్వర్లను సంప్రదించిందో వరుసగా కనిపిస్తుంది. ఒక్క పేజీకి ఎంతమంది హాజరవుతారో మొదటిసారి చూసినవారికి ఆశ్చర్యం తప్పదు.

ఆరో అడుగు: పని అయ్యాక

ట్యాబు మూయడం లాగౌట్ కాదు. ఫోనులో బ్రౌజర్‌ను మనం నిజంగా మూసేది అరుదు కాబట్టి, బ్రౌజర్ మూసేదాకే ఉండాల్సిన కుకీ రోజుల తరబడి ఉండిపోవచ్చు. పోయినసారి ఎక్కడ ఆపారో అక్కడినుంచి తెరిచేలా క్రోమ్‌ను అమర్చుకుంటే అలాంటి కుకీలు మళ్లీ బతుకుతాయి కూడా. కాబట్టి సైటులో లాగౌట్ బటన్ వెతికి నొక్కండి.

తర్వాత చూసిన జాడలు చెరపండి. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి, బ్రౌజింగ్ డేటా తొలగించేదాన్ని ఎంచుకోండి. కంప్యూటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కితే అదే వస్తుంది. ఎంతసేపటివి అన్నచోట గత గంట అని పెడితే చాలు. ఇంట్లో వాడే ఫోనులో అన్నీ చెరిపేస్తే మిగతావారి లాగిన్లన్నీ పోయి, ఏం చూశావని అడుగుతారు. ఒక్క సైటుదే తీయాలంటే చిరునామా పక్కనున్న బొమ్మ నొక్కి, కుకీలు, సైటు డేటా అన్నచోట తొలగించవచ్చు.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మరిచిపోకండి. రిపోర్టు పీడీఎఫ్ అక్కడే ఉంటుంది.

ఏడో అడుగు: గూగుల్ ఖాతా

దీన్ని చాలామంది దాటేస్తారు. ఫోను కొన్నప్పుడు దుకాణంలో ఒక జీమెయిల్ తెరిచి ఇస్తారు. తర్వాత ఇంట్లో ఇంకో ఫోను కొన్నా అదే జీమెయిల్. అలాంటప్పుడు నాన్నగారి ఫోనులో వెతికింది అమ్మాయి ఫోనులో కనిపించే అవకాశముంది. బ్రౌజర్‌లో కుకీలు చెరిపినా, గూగుల్ ఖాతాలో దాగిన వెతుకులాట చరిత్ర అలాగే ఉంటుంది.

ఫోను సెట్టింగుల్లో గూగుల్ తెరిచి, ఖాతాను నిర్వహించే చోటికి వెళ్లి, డేటా, గోప్యతల విభాగం చూడండి. వెబ్, యాప్ కార్యకలాపాల నమోదు అక్కడుంటుంది. దాన్ని ఆపేయవచ్చు, లేదా 3 నెలలు దాటినవి వాటంతటవే చెరిగేలా పెట్టవచ్చు. యూట్యూబ్ చరిత్రకూ ఇదే వర్తిస్తుంది. జబ్బుల గురించి మనవాళ్లు చదివేదానికంటే వీడియోల్లో చూసేదే ఎక్కువ కాబట్టి దాన్నీ వదలకండి. అన్నింటికన్నా ముఖ్యంగా, ఇంట్లో ఎవరి జీమెయిల్ వారికి ఉండాలి.

ఎనిమిదో అడుగు: గోప్యతా విధానం చదవండి, చట్టం అండ తెలుసుకోండి

సైటు అడుగున ‘ప్రైవసీ పాలసీ’ అనే లింకు ఉంటుంది. మొత్తం చదవనక్కర్లేదు. ఏ సమాచారం సేకరిస్తారు, ఎందుకు, ఎంతకాలం ఉంచుతారు, ఎవరికి ఇస్తారు, ఫిర్యాదు ఎవరికి చేయాలి అన్న ఐదింటికి జవాబు వెతకండి. ‘మేము వ్యక్తిగత సమాచారం సేకరించము’ అని రాసిన సైటులోనే మీకు ఐదో అడుగులో గూగుల్ కుకీ కనిపిస్తే, ఆ వాక్యం ఎక్కడినుంచో దించుకున్నదని అర్థం చేసుకోండి.

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు. సంస్థలు పాటించవలసిన ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. ఆ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా, ఫలానా పనికని చెప్పి తీసుకోవాలి. ఇచ్చినంత తేలికగా వెనక్కి తీసుకోగలగాలి. సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలి. తెలుగు ఆ జాబితాలో ఉంది. కాబట్టి తెలుగు నోటీసు అడగడం దయాభిక్ష అడగడం కాదు. 18 ఏళ్లలోపు పిల్లల మీద నిఘా పెట్టడాన్ని, వారిని లక్ష్యంగా చేసుకున్న ప్రకటనలను కూడా ఆ చట్టం కొన్ని మినహాయింపులతో నిషేధిస్తోంది. సమాచార భద్రతకు తగిన చర్యలు తీసుకోకపోతే జరిమానా రూ.250 కోట్ల వరకు ఉండవచ్చు.

ఒక లోటు చెప్పుకోవాలి. ఆరోగ్య సమాచారానికి ఈ చట్టంలో ప్రత్యేక హోదా లేదు. ఫోను నంబరుకూ హెచ్‌ఐవీ ఫలితానికీ అందులో ఒకే తూకం. ఇది సరికాదని నా గట్టి అభిప్రాయం. హెచ్‌ఐవీ విషయంలో 2017 నాటి ప్రత్యేక చట్టం, మానసిక ఆరోగ్యం విషయంలో అదే ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాల గోప్యతను విడిగా కాపాడుతున్నాయి. గర్భస్రావం చేయించుకున్న మహిళ వివరాలు బయటపెట్టకూడదని గర్భస్రావాల చట్టానికి 2021లో చేసిన సవరణ చెబుతోంది. ఈ మూడు సేవల పేజీలు నడిపేవారికి మిగతావారికంటే బరువైన బాధ్యత ఉంది.

సైటు నడిపేవారికి ఒక మాట

జిల్లా ఆసుపత్రి సైటో, వైద్య శాఖ సైటో తయారుచేసే యువతీయువకులు ఇది చదువుతుంటే, మీరు ఒక్క పూటలో చేయగల పనులున్నాయి. సోషల్ మీడియా పెట్టెలను తీసి మామూలు లింకులు పెట్టండి. యూట్యూబ్ వీడియోలను గోప్యత పెంచే పద్ధతిలో అతికించండి, లేదా బొమ్మ పెట్టి, నొక్కితేనే తెరుచుకునేలా చేయండి. అక్షరాల ఫాంట్లను మీ సర్వర్‌లోనే ఉంచండి. సందర్శకుల లెక్క కావాలంటే సొంత సర్వర్‌లో నడిచే మాటోమో వంటివి ఉన్నాయి. కుకీ లేకుండానే లెక్కించేలా దాన్ని అమర్చవచ్చు. పేజీ చిరునామాలో రోగి ఫోను నంబరు, రిజిస్ట్రేషన్ సంఖ్య కనిపించకుండా చూడండి, ఎందుకంటే ఆ చిరునామా చరిత్రలోనూ లాగ్‌లలోనూ నిలిచిపోతుంది.

తొమ్మిదో అడుగు: అడగండి

ప్రభుత్వ సైటులో ఐదో అడుగులో అనుమానాస్పదమైనది కనిపిస్తే, ముందు ఆ సైటులోని సంప్రదింపుల చిరునామాకు రాయండి. కోపంగా రాయనక్కర్లేదు. ఇలా రాస్తే సరిపోతుంది:

“అయ్యా/అమ్మా, మీ వెబ్‌సైటులోని ఫలానా పేజీ తెరిచినప్పుడు ఫలానా పేరుతో కుకీ నమోదవుతోంది. తెర ఫొటో జతచేశాను. ఇది ఏ సంస్థది, ఏ అవసరానికి పెట్టారు, దీని ద్వారా సందర్శకుల సమాచారం ఎవరికి చేరుతుంది? అవసరం లేనిదైతే తొలగించగలరని మనవి. మీ గోప్యతా విధానాన్ని తెలుగులో కూడా ఉంచగలరు.”

మీ జబ్బు గురించి గానీ, ఆ పేజీ ఎందుకు చూశారన్నది గానీ ఆ ఉత్తరంలో రాయకండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద ఆ కార్యాలయ పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. సైటు నిర్వహణ ఒప్పందం నకలు, అందులో వాడుతున్న బయటి సంస్థల సాధనాల జాబితా, గోప్యతా విధానాన్ని ఆమోదించిన ఉత్తర్వు నకలు అడగవచ్చు. ఎందుకు అడుగుతున్నారో చెప్పవలసిన పని లేదు. చట్టమే ఆ రక్షణ ఇచ్చింది. సమాధానం 30 రోజుల్లో రావాలి. రాకపోతే, ఆ గడువు ముగిసిన 30 రోజుల్లోగా అదే శాఖలోని మొదటి అప్పీలు అధికారికి తెల్లకాగితం మీద రాసి ఇవ్వండి. దరఖాస్తు నకలు, రశీదు దానికి జతచేయండి.